జబ్బలో టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) సగం చిరిగిందట, ఆపరేషన్ లేకుండా ఫిజియోతో తగ్గుతుందా?

నిద్రలేనోడు:
అందరికీ నమస్తే. కుడి జబ్బ నొప్పి కొన్ని నెలల నుంచి ఉంది. మొదట్లో జిమ్‌లో ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువు తల పైకి ఎత్తేది) చేసేటప్పుడు కలుక్కుమనేది అంతే, ఇప్పుడు పై అరలోంచి డబ్బా తీయాలన్నా, చొక్కా తొడుక్కోడానికి చెయ్యి వెనక్కి పెట్టాలన్నా ప్రాణం పోతోంది. ఇంకో విచిత్రం ఏంటంటే చెయ్యి పక్కకి లేపుతుంటే కొంత దూరం బానే వస్తుంది, భుజం ఎత్తు దగ్గరకొచ్చేసరికి పట్టేస్తుంది, ఓర్చుకుని ఇంకా పైకి ఎత్తేస్తే మళ్లీ నొప్పి ఉండదు. రాత్రి ఆ పక్కకి తిరిగితే చాలు మెలకువ, తర్వాత తెల్లారేదాకా సలుపు.

ఎంఆర్ఐ తీయించా. సుప్రాస్పైనేటస్ అనే భుజం కండరం టెండన్‌లో పార్షియల్ థిక్‌నెస్ టేర్ (సగం చిరుగు), టెండినోసిస్ (టెండన్ పాడవడం), బర్సాలో (టెండన్ రాసుకోకుండా ఉండే మెత్తటి సంచి) కొద్దిగా నీరు, ఏసీ జాయింట్‌లో (భుజం పైన మెడ ఎముక కలిసే కీలు) అరుగుదల అని రాశారు. అది చదివాక నొప్పి ఇంకా ఎక్కువైనట్టు అనిపిస్తోంది నిజం చెప్పాలంటే. ఒక ఆర్థో డాక్టరు ముందు ఫిజియో చేయించుకో చూద్దాం అన్నారు, ఇంకొకాయన ఇప్పుడే కీహోల్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేయించేసుకో, లేకపోతే పూర్తిగా తెగుతుంది అన్నారు. ఫిజియోకి వెళ్తే పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు పెడుతున్నారు, జెల్ రాసి అల్ట్రాసౌండ్ తిప్పుతున్నారు, మళ్లీ రేపు రండి అంటున్నారు. ఎక్సర్‌సైజ్ ఒక్కటీ చెప్పలేదు.

నా డౌట్లు ఏంటంటే, చిరిగింది దానంతటది అతుక్కుంటుందా? చెయ్యి కదపకుండా పెట్టుకోవాలా? జిమ్ పూర్తిగా మానేయాలా? స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవచ్చా? తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.

కండరాలకథ:
నేను ఫిజియోని, ఇలాంటి భుజాలు రోజూ చూస్తుంటా. మిమ్మల్ని చూడకుండా ఇదీ అని తేల్చి చెప్పలేను గానీ మీరు రాసినదాన్ని బట్టి కొన్ని మాటలు చెప్పొచ్చు.

ముందు ఆ రిపోర్ట్ గురించి భయం తగ్గించుకోండి. 1995లో అసలు భుజం నొప్పే లేని 96 మందికి ఎంఆర్ఐ తీసి చూశారు, దాదాపు మూడో వంతు మందిలో ఏదో ఒక చిరుగు కనిపించింది, 60 దాటిన వాళ్లలో అయితే సగం మందికి పైనే. వాళ్లెవరికీ నొప్పి లేదు, చేతులు బానే వాడుకుంటున్నారు. అంటే స్కాన్‌లో చిరుగు ఉన్నంత మాత్రాన మీ నొప్పంతా దానివల్లే అని కాదు, ఆ చిరుగు ఉన్నంతకాలం నొప్పి ఉంటుందనీ కాదు. ఏసీ జాయింట్ అరుగుదల మాట అయితే వదిలేయండి, నలభై దాటినవాళ్ల రిపోర్టుల్లో అది మామూలే.

మీ రిపోర్టులో ఉన్న సుప్రాస్పైనేటస్ రొటేటర్ కఫ్‌లో భాగం. రొటేటర్ కఫ్ అంటే ఒక్కటి కాదు, వీపు మీద రెక్క ఎముక నుంచి వచ్చే నాలుగు కండరాలు, సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. భుజం కీలులో రెక్క ఎముక వైపు గిన్నె చాలా లోతు తక్కువ, చేతి ఎముక పైనున్న బంతి పెద్దది, మనం చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ బంతి జారిపోకుండా గిన్నె మధ్యలో పట్టి ఉంచేది ఈ నాలుగే. వీటిలో ఎక్కువగా దెబ్బతినేది సుప్రాస్పైనేటస్, ఎందుకంటే దాని టెండన్ పైన ఎముక అంచు కిందనుంచి వెళ్తుంది, చెయ్యి పక్కకి లేపినప్పుడు దాదాపు 60 నుంచి 120 డిగ్రీల మధ్య దాని మీదే పని ఎక్కువ పడుతుంది. మీకు మధ్యలో పట్టేసి పైకెళ్లాక వదిలేస్తోంది అన్నారే, అది అదే. దాన్ని పెయిన్‌ఫుల్ ఆర్క్ అంటాం.

అతుక్కుంటుందా అంటే, పార్షియల్ అంటే తాడుకి ఒక పక్క పీచులు లేచినట్టు, తాడు ఇంకా తెగలేదు. కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని మెల్లగా పెద్దవవుతాయి, కొన్ని స్కాన్‌లో చిన్నవైనట్టు కూడా కనిపిస్తాయి. పూర్తిగా తెగినవి మాత్రం వాటంతటవి కలవవు. కానీ అసలు సంగతి వేరే, దెబ్బ తగలకుండా వయసుతో పాటు పూర్తిగా తెగిన భుజాలకి కూడా అమెరికాలో ముందు ఫిజియో చేయించి రెండేళ్లు గమనిస్తే, సర్జరీ దాకా వెళ్లినవాళ్లు నాలుగో వంతు కంటే తక్కువ. ఆ వెళ్లినవాళ్లు కూడా చాలామంది మొదటి 12 వారాల్లోనే వెళ్లిపోయారు. మరి చిరుగు అలాగే ఉండగా నొప్పి ఎలా తగ్గింది అంటే, మిగతా కండరాలు బలపడి పని పంచుకున్నాయి, టెండన్ కూడా బరువుకి అలవాటు పడింది. అందుకే రెస్ట్‌లో పెట్టొద్దు. నొప్పని చెయ్యి ముడుచుకుని కూర్చుంటే కండరం సన్నబడుతుంది, భుజం బిగుసుకుంటుంది.

ఇక ఆ కరెంటు, అల్ట్రాసౌండ్. అవి పెట్టిన కాసేపు హాయిగా ఉండొచ్చు, తప్పు లేదు, కానీ వాటివల్ల టెండన్ బలపడదు. రోజూ వెళ్తున్నా చేతికి ఒక్క ఎక్సర్‌సైజ్ చెప్పలేదంటే మీకు అందుతున్నది సగం ట్రీట్‌మెంటే, మా వాళ్ల గురించి నేనే ఇలా అంటున్నా. అడగండి నేరుగా, నేను ఇంట్లో ఏం చేయాలి, ఎంత బరువు, ఎన్ని సార్లు, ఎప్పుడు పెంచాలి అని. జవాబు రాకపోతే వేరే చోటు చూసుకోండి.

నిద్రలేనోడు:
చాలా థ్యాంక్స్ అండి, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. అయితే ఏ ఎక్సర్‌సైజ్‌తో మొదలుపెట్టాలి? నొప్పి వస్తే ఆపేయాలా? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోటి చూపిస్తున్నారు, ఒకాయన ఏకంగా బొటనవేలు కిందకి తిప్పి డంబెల్ లేపమంటున్నాడు, అది చేస్తే ఆ రాత్రి ఇంక నిద్ర లేదు.

కండరాలకథ:
బొటనవేలు కిందకి తిప్పి లేపేది వద్దు, నొప్పి ఉన్న భుజానికి అది చాలా మందికి పడదు. లేపేటప్పుడు బొటనవేలు పైకి ఉండాలి, చెయ్యి పూర్తిగా పక్కకి కాకుండా కొంచెం ముందుకి.

నొప్పి లెక్క ఇలా పెట్టుకోండి, పదికి మూడు నాలుగు దాకా ఫర్వాలేదు, చేస్తుండగా పెరిగిపోకూడదు, మర్నాడు పొద్దున్నకి మామూలుకి వచ్చేయాలి. మర్నాడు కూడా సలుపు ఎక్కువగా ఉందంటే ఎక్సర్‌సైజ్ మానడం కాదు, బరువో సార్లో తగ్గించండి. అసలు నొప్పే రాకూడదని కూర్చుంటే ముందుకి కదలరు.

మొదలు దీనితో: గోడ పక్కన నిలబడండి, నొప్పి ఉన్న చెయ్యి గోడ వైపు. మోచెయ్యి ఎల్ ఆకారంలో మడిచి ఒంటికి ఆనించండి, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చిన్న టవల్ మడత పెట్టండి. ఇప్పుడు మణికట్టు వెనక వైపుతో గోడని బయటికి నెట్టండి, చెయ్యి కదలకూడదు, నెట్టే బలం మాత్రమే. మీ పూర్తి బలంలో సగం చాలు. 30 సెకన్లు పట్టి వదలండి, ఒక ఐదు సార్లు. ఊపిరి బిగబట్టకండి, భుజం చెవి వైపుకి లేవకూడదు, అద్దంలో చూసుకుంటే తెలిసిపోతుంది. టవల్ ఎందుకంటే అది జారి కింద పడిందంటే మోచెయ్యి ఒంటి నుంచి దూరం వెళ్లి వేరే కండరంతో నెడుతున్నారని అర్థం. చాలామందికి దీనికే నొప్పి కాస్త సద్దుమణుగుతుంది.

అది తేలికయ్యాక రబ్బర్ బ్యాండ్‌తో అదే కదలిక, టవల్ అలాగే ఉంచి. బయటికి లాగడం కంటే తిరిగి లోపలికి తెచ్చేటప్పుడు నెమ్మదిగా రండి, మూడు నాలుగు సెకన్లు, టెండన్‌కి పనికొచ్చేది అక్కడే. తర్వాత మంచి పక్కకి పడుకుని పై చేత్తో కిలో లోపు డంబెల్ అలాగే తిప్పడం. దీంతో పాటు రెక్క ఎముకని వెనక్కి లాగే రోయింగ్, గోడ మీద ముంజేతులు ఆనించి పైకి జరపడం. చివర్లో భుజం ఎత్తు దాటి లేపేవి. బలం పెంచేవి వారానికి మూడు రోజులు చాలు, రోజూ అక్కర్లేదు. 12 వారాలు పద్ధతిగా చేశాకే పని చేసిందా లేదా అని తీర్పు చెప్పాలి, రెండు వారాలకే ఏం మారలేదని మానేసేవాళ్లే ఎక్కువ. ఏ మెట్టు మీకు ఇప్పుడు సరిపోతుందో మాత్రం ఎవరైనా చూసి చెప్పాలి.

ఎడంచేత్తో_టైపింగ్:
సర్జరీ చేయించుకున్నవాడిగా నా మాట కూడా వినండి. నాది మీలా మెల్లగా వచ్చింది కాదు, నిచ్చెన మీదనుంచి పడ్డా, ఆ క్షణం నుంచి చెయ్యి పక్కకి లేవనే లేదు. ఇంకో చేత్తో పట్టి లేపితే పైకి పోతుంది, వదిలితే టప్పున పడిపోతుంది. స్కాన్‌లో రెండు టెండన్లు పూర్తిగా తెగి వెనక్కి లాక్కుపోయాయి. అలాంటప్పుడు ఫిజియో చేసుకుంటూ నెలలు కూర్చోకూడదని మా డాక్టరు గట్టిగా చెప్పారు, ఆలస్యమైతే కండరం కొవ్వుగా మారిపోతుంది, టెండన్ లాగినా రాదు, కుట్టినా నిలవదు అని. కాబట్టి పడినప్పుడు లేదా బరువు లాగినప్పుడు ఒక్కసారిగా వచ్చి చెయ్యి లేవకపోతే వెంటనే చూపించుకోవాలి, ఇక్కడ రాసే సలహాలు దానికి పనికిరావు.

సర్జరీ అయిపోతే చిటికెలో బాగవుతుందనుకునేవాళ్లకి చెప్తున్నా, అసలు ఫిజియో ఆ తర్వాతే మొదలవుతుంది. సుమారు ఆరు వారాలు స్లింగ్ (చెయ్యి మెడకి వేలాడేసే పట్టీ). ఆ టైంలో వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదపొచ్చు, భుజాన్ని మాత్రం మనంతట మనం లేపకూడదు, ఫిజియో పట్టుకుని కదుపుతారు. కొంతమందికి ముందుకి వంగి చెయ్యి వేలాడేసి ఊపే పెండ్యులమ్ ఇస్తారు. స్లింగ్ తీశాక మెల్లగా సొంతంగా లేపడం, బరువులు పన్నెండు వారాల తర్వాతే. ఎందుకంటే ఎముకకి కుట్టిన టెండన్ పట్టు దొరకడానికి అంత టైం కావాలి, నొప్పి లేదు కదా అని బకెట్ లేపితే మళ్లీ తెగుతుంది. పూర్తి బలం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది అన్నారు. కుర్చీలో సగం వాలి పడుకోవడం, ఎడం చేత్తో పళ్లు తోముకోవడం, ఒంటిచేత్తో సాక్స్ వేసుకోవడం... ఆ సాక్స్ గురించి అసలు గుర్తు చేయొద్దు నాకు. సిగరెట్ తాగేవాళ్లయితే ముందు అది మానండి, కుట్టింది అతుక్కోడానికి అది పెద్ద అడ్డు అని సర్జన్ మొదటి రోజే చెప్పారు.

మీ కేసులో దెబ్బ తగల్లేదు, చెయ్యి పూర్తిగా పైకి పోతోంది, నేనైతే ముందు ఫిజియోకే టైం ఇస్తా.

షుగర్‌అక్క:
తమ్ముడూ నీకు షుగర్ ఉందా? ఉంటే ఇంకో విషయం కూడా చూసుకో. నాకు భుజం నొప్పి వస్తే అందరూ రొటేటర్ కఫ్ అన్నారు, చివరికి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) అని తేలింది, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి అది ఎక్కువగా వస్తుందట. తేడా ఎలా తెలుస్తుందంటే మోచెయ్యి ఒంటికి ఆనించి మడిచి, ఇంకొకళ్లతో ముంజేతిని బయటికి తిప్పించు. కఫ్ సమస్య అయితే నువ్వు బలం పెట్టినప్పుడు నొప్పి గానీ వాళ్లు తిప్పితే చాలావరకు తిరుగుతుంది. ఫ్రోజెన్ అయితే ఎవరు తిప్పినా కదలదు, తలుపుకి గొళ్లెం పెట్టినట్టే. రెండింటికీ ఎక్సర్‌సైజ్‌లు వేరు కాబట్టి ఇది తేల్చుకోవాలి.

ఇంజెక్షన్ గురించి అడిగావు కదా, నేను వేయించుకున్నా, నొప్పి బాగా తగ్గింది, కానీ ఆ తర్వాత కొన్ని రోజులు షుగర్ ఆకాశానికి వెళ్లింది, డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. షుగర్ ఉంటే చెప్పకుండా వేయించుకోకు.

రెండోవైపు:
అందరూ ఎక్సర్‌సైజ్ ఎక్సర్‌సైజ్ అంటున్నారు, ఒక మాట అడుగుతా. 2021లో బ్రిటన్‌లో గ్రాస్ప్ అని పెద్ద ట్రయల్ వచ్చింది, 708 మంది. ఒక గుంపుకి ఫిజియో దగ్గర ఆరు సిట్టింగుల దాకా మెట్టు మెట్టుగా పెంచే ఎక్సర్‌సైజ్, ఇంకో గుంపుకి ఒక్కసారి కూర్చోబెట్టి సలహా. ఏడాది తర్వాత రెండు గుంపులకీ తేడా లేదు. మరి ఇన్ని సిట్టింగులకి తిరగడం ఎందుకు? ఇది ఫిజియోలు ఎవరూ చెప్పరు.

కండరాలకథ:
నేను చెప్తా బ్రో, ఆ ట్రయల్ మాకు మంచి పాఠమే. కానీ ఒక్క సిట్టింగ్ అంటే ఊరికే మాటలు చెప్పి పంపలేదు, వాళ్లకి కూడా ఇంట్లో చేసుకునే ఎక్సర్‌సైజ్‌లు ఇచ్చారు, ఎలా పెంచుకోవాలో చెప్పారు. రెండు గుంపులూ ఏడాదిలో బాగా మెరుగయ్యాయి. నాకు దాంట్లో అర్థమయ్యేది ఏంటంటే ఎన్నిసార్లు క్లినిక్‌కి వెళ్లారన్నది కంటే ఇంట్లో చేశారా లేదా అన్నదే లెక్క. నిద్రలేనోడు గారికి రోజూ రండి అంటున్నారే, దానికి ఇదే జవాబు. బాగా చూసి ప్లాన్ రాసిచ్చే ఒక సిట్టింగ్, తర్వాత రెండు మూడు వారాలకోసారి వెళ్లి బరువు పెంచుకోవడం, చాలామందికి అంతే సరిపోతుంది. నొప్పంటే భయపడేవాళ్లకి, కదలికలు తప్పుగా చేసేవాళ్లకి ఇంకొన్ని కావాలి.

అదే ట్రయల్‌లో ఇంజెక్షన్ కూడా చూశారు. వేసినవాళ్లకి 8 వారాల దగ్గర కొంచెం ఎక్కువ ఉపశమనం, తర్వాత ఏడాదికి ఇద్దరూ సమానం. కాబట్టి నిద్ర లేక ఎక్సర్‌సైజ్ చేయలేకపోతుంటే ఒకటి వేయించుకుని ఆ దొరికిన టైంలో బలం పెంచుకోవడం తెలివైన వాడకం. నొప్పి వచ్చినప్పుడల్లా మళ్లీ మళ్లీ వేయించుకోవడం మంచిది కాదు, టెండన్ బలహీనపడుతుంది.

కీహోల్ చేసేద్దాం అన్న డాక్టరుని అడగాల్సింది ఒకటుంది. టెండన్ కుడతారా, లేక పైన ఎముక గీకి చోటు పెంచుతారా? రెండూ ఒకటి కాదు. ఆ గీకే ఆపరేషన్‌ని బ్రిటన్‌లోనే సీ-సా (CSAW) అనే ట్రయల్‌లో ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చారు, అంటే కెమెరా పెట్టి చూసి ఎముక గీకకుండా బయటికొచ్చేయడం. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, గీకినవాళ్లకీ గీకనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అప్పట్నుంచి చిరుగు పూర్తి కాని భుజాలకి దానిమీద చాలామందికి నమ్మకం తగ్గింది.

నిద్రలేనోడు:
షుగర్ లేదక్కా, మీరు చెప్పినట్టు మా ఆవిడతో తిప్పించా, బయటికి పూర్తిగా తిరిగింది, చివర్లో కొంచెం గుంజింది అంతే. అల్ట్రాసౌండ్ పెట్టే చోట ఇంక వెళ్లట్లేదు. రెండు మిగిలిపోయాయి. రాత్రి ఎలా పడుకోవాలి? జిమ్‌లో ఏవి మానాలి?

ఎడంచేత్తో_టైపింగ్:
పడుకోడం నాకు బాగా తెలుసు, అందులో డిగ్రీ ఇవ్వొచ్చు నాకు. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి కింద మడిచిన దుప్పటి పెట్టు, చెయ్యి ఒంటి కంటే కిందికి జారకూడదు, జారిందంటే అర్ధరాత్రి సలుపు ఖాయం. మంచి పక్కకి పడుకుంటే ముందు పెద్ద దిండు పెట్టి నొప్పి చేత్తో దాన్ని కౌగిలించుకో. చెయ్యి తల కింద పెట్టి పడుకునే అలవాటు ఉంటే మానాలి.

కండరాలకథ:
జిమ్ మానొద్దు. కాళ్లు, నడుము, కార్డియో అన్నీ మామూలే. రోయింగ్ సాధారణంగా పడుతుంది. ఇప్పటికి పక్కన పెట్టాల్సినవి తల వెనక్కి దించే ప్రెస్, అప్‌రైట్ రో (బరువుని గడ్డం దాకా లాగేది), డిప్స్ (రెండు రాడ్ల మీద ఒంటిని దించి లేపేది). బెంచ్ ప్రెస్ బరువు తగ్గించి, మోచేతులు మరీ బయటికి పోకుండా ఒంటికి దగ్గరగా పెట్టి, నేల మీద పడుకుని చేస్తే మోచెయ్యి కిందికి మరీ దిగదు కాబట్టి చాలామందికి నొప్పి రాదు. ఓవర్‌హెడ్ ప్రెస్‌కి తొందరపడకండి, ముందు ఖాళీ చెయ్యి నొప్పి లేకుండా పైకి పోవాలి, తర్వాత తేలిక డంబెల్, తర్వాతే రాడ్.

ఇంకొకటి, నొప్పి మోచెయ్యి దాటి వేళ్ల దాకా తిమ్మిరిగా దిగుతుంటే, మెడ తిప్పితే పెరుగుతుంటే అది మెడ నరం కావచ్చు, అప్పుడు ఈ బ్యాండ్‌లతో పని లేదు. జ్వరంతో పాటు భుజం వాచి ఎర్రబడినా, ఛాతీలో పట్టేసినట్టుండి చెమటలు పట్టినా ఎక్సర్‌సైజ్ మాట పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి.

నిద్రలేనోడు:
తిమ్మిరి, జ్వరం ఏం లేవండి. గోడ నెట్టేది మొదలుపెట్టా, టవల్ మొదట్లో టపటపా కింద పడేది, ఇప్పుడు నిలుస్తోంది. ఆఫీసులో మౌస్ పట్టుకుని గంటలు కూర్చుంటే మాత్రం సాయంత్రానికి జబ్బ పీకేస్తోంది, దానికేమైనా ఉందా?

షుగర్‌అక్క:
మౌస్ దూరంగా పెట్టుకుంటున్నావేమో చూడు తమ్ముడూ. నంబర్ల ప్యాడ్ లేని చిన్న కీబోర్డ్ తీసుకుంటే మౌస్ దగ్గరికి వస్తుంది, మోచెయ్యి ఒంటి పక్కనే కుర్చీ చేతి మీద ఆనుతుంది. నాకు దాంతోనే సగం తగ్గింది.

కండరాలకథ:
అక్క చెప్పింది కరెక్ట్. కొన్నాళ్లు ఎడం చేత్తో మౌస్ వాడి చూడండి, మొదట చిరాకేస్తుంది గానీ అలవాటవుతుంది. అరగంటకోసారి లేచి చేతులు కాస్త ఆడించండి. బ్యాండ్ మొదలుపెట్టాక మర్నాడు పొద్దున్న ఎలా ఉందో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి పెంచాలా ఆగాలా చెప్తా.